గేర్‌బాక్స్ మోత: దించకముందే తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

షెడ్డులో "గేర్‌బాక్స్ దించి చూడాలి" అన్న మాట చాలా తొందరగా వస్తుంది. దించడమంటే యాక్సిళ్లు ఊడదీయాలి, ఆయిల్ తీసేయాలి, ఇంజిన్‌కు ఆసరా పెట్టాలి. చిన్న కారుకైనా అది గంటల పని. ఆ కూలీ అంతా అయ్యాక తప్పు వీల్ బేరింగ్‌లో ఉందని తేలితే పోయిన డబ్బు తిరిగిరాదు. గేర్‌బాక్స్ మోత అనుకుని తీసుకొచ్చిన కార్లలో చక్రం బేరింగో, యాక్సిల్ జాయింటో, మెకానిక్‌లు ఫౌండేషన్ అని పిలిచే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరో, చివరకు ఎగుడుదిగుడుగా అరిగిన టైరో అసలు కారణం కావడం మామూలే.

శబ్దం ఎలా ఉందన్న దానికంటే అది ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్న రెండు విషయాలే తప్పు ఉన్న చోటును పట్టిస్తాయి. ఒకరి చెవికి గుయ్‌మన్నది మరొకరికి గరగరలా వినిపించవచ్చు గానీ, క్లచ్ తొక్కగానే ఆగిందా లేదా అన్న విషయంలో ఇద్దరికీ అభిప్రాయభేదం ఉండదు. ఈ మార్గదర్శిలోని పరీక్షలన్నీ ఆ సూత్రం మీదనే నడుస్తాయి. వీటిలో చాలావాటికి పనిముట్లు అక్కరలేదు.

పరీక్షల వెనుక ఉన్న తర్కం అర్థం కావాలంటే శక్తి ప్రయాణించే దారి తెలిసి ఉండాలి. ఇంజిన్ తిప్పే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి క్లచ్ ప్లేటు అతుక్కుని గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టును తిప్పుతుంది. ఎంచుకున్న గేరు జత ద్వారా ఆ తిప్పుడు అవుట్‌పుట్ షాఫ్టుకు, అక్కడి నుంచి మలుపుల్లో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు, యాక్సిళ్లకు, చక్రాలకు చేరుతుంది. ముందు చక్రాలతో నడిచే స్విఫ్ట్, ఐ20 వంటి కార్లలో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి. బొలెరో, ఈకో, ఇన్నోవా క్రిస్టా వంటి వాటిలో ప్రొపెల్లర్ షాఫ్టు వెనుకకు వెళ్లి అక్కడి డిఫరెన్షియల్‌కు ఉండే క్రౌన్ పీనియన్ అనే గేరు జతను తిప్పుతుంది. కారు నిలబడి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తున్నప్పుడు అవుట్‌పుట్ షాఫ్టు మొదలుకొని చక్రాల దాకా అన్నీ కదలకుండా ఉంటాయి. కాబట్టి అప్పుడు వినిపించే శబ్దం వాటిది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం పని తేలికవుతుంది.

మొదటి అడుగు: నిలబడి ఉన్న కారులో క్లచ్ పరీక్ష

కారును చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ వేడెక్కే దాకా నడవనివ్వాలి. ఏసీ, ఫ్యాను, పాటలు ఆపేసి కిటికీలు దించాలి. క్లచ్ పెడల్ మీద కాలు లేకుండా ఒకసారి, పెడల్‌ను పైపైన అర అంగుళం మాత్రమే నొక్కి ఒకసారి, పూర్తిగా తొక్కి ఒకసారి, మూడు స్థితుల్లోనూ నింపాదిగా వినాలి.

కాలు తీసినప్పుడు గరగరమంటూ, పూర్తిగా తొక్కగానే ఆగిపోయే శబ్దం ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే క్లచ్ విడిపోగానే ఆ షాఫ్టు తిరగడం మానేస్తుంది. పెడల్‌ను కొద్దిగా నొక్కగానే మొదలై లేదా మారిపోయి, పూర్తిగా తొక్కినప్పుడు ఇంకా పెరిగే కీచుమనే శబ్దం, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ది. ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటే ఖర్చులో తేడా పెద్దది. రిలీజ్ బేరింగ్ క్లచ్ సెట్టులో భాగం. దాని కోసం గేర్‌బాక్సును దించక తప్పదు గానీ విప్పనక్కరలేదు. ఇన్‌పుట్ బేరింగ్ అయితే దించడమే కాక లోపలి షాఫ్టులన్నీ బయటకు తీయాలి.

డీజిల్ కార్లలో మూడో రకం ఒకటి ఉంది. ఐడిల్‌లో సన్నగా కటకటమంటూ, క్లచ్ తొక్కగానే ఆగి, ఇంజిన్ వేగాన్ని కొంచెం పెంచినా మాయమయ్యే శబ్దం గేరు పళ్లు ఖాళీగా ఒకదానికొకటి తగలడం వల్ల వస్తుంది. కొద్దిపాటిది సహజమే. అది రానురాను పెరుగుతున్నా, ఇంజిన్ ఆపేటప్పుడు, స్టార్ట్ చేసేటప్పుడు ధడధడమన్నా క్లచ్ ప్లేటులోని స్ప్రింగులనో, కుదుపులు తగ్గించడానికి రెండు భాగాలుగా చేసిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌నో అనుమానించాలి. గేర్‌బాక్స్ లోపల బాగానే ఉండవచ్చు.

రెండో అడుగు: గేరు పడకపోవడం, గరుక్కుమనడం, ఎగిరిపోవడం

గేరు పడటం లేదంటే తప్పు గేర్లదేనని అనుకోకూడదు. ముందుగా ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. ఆపినప్పుడు సాఫీగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. దీన్ని నిర్ధారించుకోవడానికి క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వేయాలి. అంతసేపు ఆగినా గరుక్కుమంటే ఇన్‌పుట్ షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కారులో గాలి చేరడం, పెడల్ దగ్గరి లేదా గేర్‌బాక్స్ దగ్గరి సిలిండర్ కారడం, కేబుల్ ఉన్న కారులో కేబుల్ సాగిపోవడం దీనికి సాధారణ కారణాలు. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ద్రవపు డబ్బా ఒక్కటే కనుక, అందులో మట్టం తగ్గిందంటే బ్రేకులను కూడా చూడవలసిందే.

ఆగీ ఆగగానే రివర్స్ వేస్తే గరుక్కుమనడం మాత్రం చాలా కార్లలో తప్పు కాదు. వాటి రివర్స్ గేరుకు, పళ్లు కలవకముందు వేగాలను సమం చేసే సింక్రొనైజర్ ఉండదు. అలాగే రివర్స్‌లో వెళ్లేటప్పుడు వచ్చే గుయ్‌మనే శబ్దం, ఆ ఒక్క గేరు పళ్లు నిలువుగా కోసినవి కావడం వల్ల వచ్చేదే. ముందు గేర్ల పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి నిశ్శబ్దంగా నడుస్తాయి. పాత కారు కొనేటప్పుడు ఈ రివర్స్ మోత చూపించి ధర తగ్గించమనేవాళ్లు ఉన్నారు. అమ్మేవాళ్లకు సంగతి తెలిస్తే ఆ బేరం సాగదు.

ముందు గేర్లలో ఒకే ఒక్క గేరు, ముఖ్యంగా రెండోది, త్వరగా వేసినప్పుడు గరుక్కుమని, నెమ్మదిగా వేస్తే మౌనంగా పడుతుంటే సింక్రొనైజర్ రింగు అరిగింది. దీనికి పాత లారీ డ్రైవర్ల పద్ధతి మంచి పరీక్ష: క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి, పై గేరు నుంచి కిందికి దిగేటప్పుడు మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ కూడా ఇవ్వాలి. ఇలా వేస్తే శబ్దం రాకపోతే పళ్లు ఇంకా బాగానే ఉన్నాయని, వేగాలను సమం చేసే రింగే పని చేయడం లేదని తెలుస్తుంది. అన్ని గేర్లూ గరుక్కుమంటే మళ్లీ క్లచ్ వైపే చూడాలి, ఎందుకంటే అన్ని రింగులూ ఒకేసారి అరిగిపోవు.

వేసిన గేరు యాక్సిలరేటర్ వదలగానే న్యూట్రల్‌కు ఎగిరిపోతుంటే గేరును షాఫ్టుకు బిగించే లోపలి హబ్బు పళ్లు గుండ్రంగా అరిగి ఉండవచ్చు. అయితే విప్పకముందు గేరు లీవరు బుష్షులు, కేబుళ్లు, ఫౌండేషన్లు చూడాలి. చిరిగిన ఫౌండేషన్ వల్ల ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగి, గేరును సగంలోనే ఆపేసే అవకాశం ఉంది. గేరు పూర్తిగా పడకపోతే అది ఎగిరిపోక తప్పదు.

ఇంజిన్ అరుస్తోంది గానీ కారు లాగడం లేదంటే అది క్లచ్ జారడం. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై, యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, వేగం దానితో పాటు పెరగకపోతే ప్లేటు అరిగింది. కాలిన వాసన కూడా వస్తే ఇక సందేహం లేదు. తిరుమల, శ్రీశైలం ఘాట్లలో ముందు వాహనాలు ఆగినప్పుడు హాఫ్ క్లచ్ మీద కారును నిలబెట్టేవారికి ఈ వాసన పరిచయమే. అక్కడ హ్యాండ్‌బ్రేక్ వాడితే ప్లేటు బతుకుతుంది.

మూడో అడుగు: రోడ్డు మీద వినడం

నిటారుగా, రద్దీ లేకుండా ఉన్న రోడ్డు ఎంచుకుని, వినడానికి మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ కదులుతున్న కారులో తాళం చెవి తిప్పి ఇంజిన్ ఆపకూడదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, లాక్ కూడా పడవచ్చు, రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు బూస్టరు సహాయం పోతుంది.

శబ్దం స్పష్టంగా వచ్చే వేగాన్ని, ఉదాహరణకు యాభైని, పట్టుకుని మూడో గేరులో, నాలుగో గేరులో, ఐదో గేరులో అదే వేగంతో వెళ్లాలి. గేరు మారినా శబ్దపు స్థాయి మారకపోతే అది చక్రాల వేగంతో ముడిపడినది. డిఫరెన్షియల్, వీల్ బేరింగ్, టైర్లు దాని పరిధి. గేరు మారినప్పుడల్లా శబ్దమూ మారితే అది ఇంజిన్ వేగంతో ముడిపడినది. ఆ తర్వాత అదే వేగంలో క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి కారును దొర్లనివ్వాలి. ఇంజిన్ ఐడిల్‌కు పడిపోయినా మోత అలాగే ఉండి, కారు నెమ్మదించే కొద్దీ తగ్గుతుంటే మొదటి నిర్ణయం ఖాయమవుతుంది.

ఒక్క గేరులో మాత్రమే వచ్చి, మిగతావాటిలో లేని మోత ఆ గేరు పళ్లది లేదా దాని కింది బేరింగ్‌ది. వెనుక చక్రాలతో నడిచే వాహనాల్లో అదనంగా ఒక సూచన దొరుకుతుంది: వాటి ఐదు గేర్ల పెట్టెల్లో సాధారణంగా నాలుగో గేరు ఇన్‌పుట్‌ను నేరుగా అవుట్‌పుట్‌కు కలుపుతుంది కాబట్టి మిగతా గేర్లలో శక్తిని మోసే పక్క షాఫ్టు, అంటే కౌంటర్ షాఫ్టు మీద భారం ఉండదు. మొదటి మూడు గేర్లలో గోల పెట్టి, నాలుగో గేరులో తగ్గితే కౌంటర్ షాఫ్ట్ బేరింగులే దోషులు.

భారం మారడాన్ని కూడా గమనించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి వదిలితే ఆగే గుయ్‌మనే శబ్దం, వదిలినప్పుడే వచ్చి తొక్కితే ఆగే శబ్దం, రెండూ గేరు పళ్లకు లేదా క్రౌన్ పీనియన్‌కు సంబంధించినవే, ఎందుకంటే పంటికి ఒక పక్క లాగేటప్పుడు, రెండో పక్క ఇంజిన్ బ్రేకింగ్‌లో పని చేస్తుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రెండో గేరులో మాత్రమే వినిపించే మోతకు అర్థం ఇదే.

నాలుగో అడుగు: గేర్‌బాక్స్ పేరు మోస్తున్న ఇతరులు

వీల్ బేరింగ్ మోత డ్రైవరు సీటులోకి గేర్‌బాక్స్ మోతలాగే వినిపిస్తుంది. అరవై వేగంలో స్టీరింగ్‌ను సున్నితంగా ఎడమకు, కుడికి ఊపితే తేడా బయటపడుతుంది. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కనుక, అప్పుడు మోత పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగ్ పోయినట్టు. దీన్ని ఖాయం చేసుకునే పద్ధతి మరొకటి ఉంది. ఆ చక్రాన్ని పైకెత్తి, కారు కింద స్టాండు పెట్టి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ మరో చేతి వేళ్లను సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగు మీద ఆనించాలి. మంచి బేరింగ్ అయితే వేళ్లకు ఏమీ తెలియదు. చెడిపోయినదైతే చెవికి అందని గరుకుదనం కూడా స్ప్రింగు ద్వారా వేళ్లకు తగులుతుంది. రెండో వైపు చక్రంతో పోల్చి చూస్తే అనుమానం తీరుతుంది. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు మాత్రం తల పెట్టరాదు.

యాక్సిల్ చివరి జాయింటు పోతే, ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా లాగించినప్పుడు టక్ టక్ మని లయగా వినిపిస్తుంది. ముందు చక్రం వెనుక తొంగి చూసి, రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిందిందేమో చూడాలి. ఉంటే రబ్బరు బూటు చిరిగినట్టే. చిరిగిన తొలి రోజుల్లోనే బూటు, గ్రీజు మార్చితే జాయింటు దక్కుతుంది, మట్టి చేరాక దక్కదు. లోపలి జాయింటు అరిగితే టక్ టక్ ఉండదు. వేగం పెంచుతున్నప్పుడు కారు ముందు భాగం వణికి, యాక్సిలరేటర్ వదలగానే వణుకు ఆగుతుంది. వెనుక చక్రాల వాహనాల్లో గేరు వేసి కదిలించగానే వచ్చే 'టంగ్' శబ్దానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులను (వంగే జాయింట్లను) ముందుగా చేత్తో ఊపి చూడాలి.

టైర్ల మోత రోడ్డును బట్టి మారుతుంది. సిమెంటు రోడ్డు మీద పెరిగి, కొత్త తారు రోడ్డు మీద తగ్గితే గేర్‌బాక్స్ జోలికి వెళ్లనక్కరలేదు. ముందు టైర్లను వెనక్కు మార్చితే మోత కూడా వాటితో పాటే వెనక్కు వెళ్తుంది.

ఐదో అడుగు: ఆయిల్ చెప్పే సంగతి

మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. కారు చదునుగా ఉండగా, నింపే బోల్టును ముందుగా విప్పాలి. అది రాకపోతే కింది బోల్టును ముట్టుకోకూడదు. ఆయిల్ అంతా కారిపోయాక నింపే దారి తెరుచుకోక షెడ్డులో చిక్కుకుపోయిన కార్లు ఉన్నాయి. చాలా పెట్టెల్లో ఆయిల్ మట్టం ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. వేలు పెట్టి చూస్తే తగలకపోతే తక్కువైనట్టు. తక్కువైతే ఎక్కడ కారుతోందో, యాక్సిల్ సీళ్ల దగ్గరా, క్లచ్ పెట్టె కింద నుంచా అన్నది వెతకాలి.

తీసిన ఆయిల్‌ను తెల్లటి డబ్బాలో పట్టి ఎండలో చూడాలి. కింది బోల్టుకు ఉండే అయస్కాంతం మీద పేరుకున్న బూడిదరంగు మెత్తని ముద్ద మామూలు అరుగుదల. రెండు వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. పంటి ముక్కలు, పెచ్చులు కనిపిస్తే ఇక విప్పి చూడవలసిందే. ఆయిల్‌లో బంగారు రంగు రవ్వలు మెరిస్తే అవి ఇత్తడి సింక్రొనైజర్ రింగుల నుంచి వచ్చినవి. అవి అయస్కాంతానికి అంటవు కనుక ఆయిల్‌లోనే వెతకాలి.

ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీరు చేరింది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలోనూ నీటిలో మునిగిన కార్లకు ఇంజిన్ చూపించుకున్నవారు గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూసుకోవలసింది. వేడిగా ఉన్న పెట్టె ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడటానికి పైన ఉంచిన బ్రీదర్ గుండా నీటిని పీల్చుకుంటుంది. తుప్పు పట్టిన బేరింగులు వెంటనే కాక కొన్ని నెలల తర్వాత మోత మొదలుపెడతాయి. వరదల తర్వాత చవకగా వచ్చే సెకండ్‌హ్యాండ్ కార్లను కొనేవారు ఈ బోల్టు విప్పించి చూడటం మంచిది.

కొత్త ఆయిల్ కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడుదే కావాలి. జీఎల్-4 అన్నచోట జీఎల్-5 పోస్తే "ఇంకా మంచిది" కాదు. అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు కొన్ని రకాల ఇత్తడి భాగాలను తినవచ్చు, పైగా రింగులకు అవసరమైన ఒరిపిడి తగ్గి గేర్లు మొరాయించవచ్చు.

ఆటోమేటిక్ కార్లకు వేరే పరీక్షలు

ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి: ఏఎంటీ, టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ. మీది ఏదో ముందుగా తెలుసుకోవాలి. అన్నిటికీ ఉమ్మడిగా చేయవలసిన మొదటి పని బ్యాటరీ చూడటం. ఇంజిన్ ఆగి కొన్ని గంటలయ్యాక పన్నెండున్నర వోల్టుల దరిదాపుల్లో లేకపోతే అది బలహీనమైనది, దానితో అర్థంలేని హెచ్చరిక దీపాలు వెలుగుతాయి.

ఏఎంటీ మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో సామాన్యుల కార్లలోకి వచ్చింది. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్, గేరు పనులను మనిషికి బదులు యాక్చుయేటర్ చేస్తుంది. కాబట్టి పైన చెప్పిన బేరింగ్, సింక్రొనైజర్ సంగతులన్నీ దీనికీ వర్తిస్తాయి. హైడ్రాలిక్ యాక్చుయేటర్ ఉన్నవాటిలో పంపు ఒత్తిడి పెంచుకునేటప్పుడు వచ్చే జుయ్‌మనే శబ్దం, గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం తప్పులు కావు. కదిలేటప్పుడు కారు వణకడం, పంపు పదేపదే నడవడం మాత్రం చూపించుకోవలసినవి.

ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న పెట్టెలో, పార్క్‌లో కూడా వినిపిస్తూ ఇంజిన్ వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోత ద్రవం తగ్గడాన్నో, ఫిల్టరు మూసుకుపోవడాన్నో, పంపు అరుగుదలనో సూచిస్తుంది. డీలో పెట్టాక ఒకటి రెండు సెకన్లు ఆగి ధడ్‌మని పట్టుకోవడం, గేర్ల మధ్యలో ఇంజిన్ వేగం ఊరికే ఎగిరిపోవడం ద్రవపు ఒత్తిడి తగ్గిన లేదా క్లచ్‌లు అరిగిన లక్షణాలు. అరవై, ఎనభై మధ్య నిలకడగా వెళ్తుంటే రోడ్డు మీది రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు వణికితే, యాక్సిలరేటర్ కదపకుండా బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంతగా మాత్రం తాకాలి. కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా బిగించే లాకప్ విడిపోయి వణుకు ఆగితే తప్పు కన్వర్టర్ లాకప్ క్లచ్‌లో లేదా పాతబడిన ద్రవంలో ఉంది. ద్రవం మార్చి చూడటం చవకైన మొదటి మందు. ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్ (ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కూడా ఇలాంటి వణుకే ఇస్తుందని గుర్తుంచుకుని ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి.

ద్రవాన్ని పరీక్షించడానికి డిప్‌స్టిక్ ఉంటే పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే చూడాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి అది లేదు, నిర్ణీత ఉష్ణోగ్రతలో కింది నుంచి మట్టం చూడాలి కాబట్టి ఆ పని షెడ్డుదే. సాధారణంగా ఎర్రగా ఉండే ద్రవం గోధుమ నలుపుకు తిరిగి కాలిన వాసన వేస్తే క్లచ్‌లు కాలుతున్నాయి. గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో నడిచే సీవీటీలో దాని కోసం చేసిన ద్రవమే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ద్రవంతో ఉక్కు బెల్టుకు పుల్లీ మీద తగిన పట్టు దొరకదు. "లైఫ్‌టైమ్ ద్రవం, మార్చనక్కరలేదు" అన్న మాటను మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో నేను నమ్మను.

రెండు క్లచ్‌ల డీసీటీ, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకం, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకేటప్పుడు వేడెక్కి వణుకుతుంది. వేడి హెచ్చరిక వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద పార్క్‌లో ఆపిన కారును తీసేటప్పుడు వచ్చే పెద్ద 'టక్' మాత్రం జబ్బు కాదు. కారు బరువంతా పార్కింగ్ కొక్కెం మీద వేలాడుతోంది. ముందు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు పెడల్ వదిలి కారు కుదురుకున్నాక పార్క్‌లోకి మార్చితే అది రాదు.

హెచ్చరిక దీపం వెలిగినా, కారు ఒకే గేరులో ఇరుక్కుపోయినా స్కానర్ పెట్టించాలి. స్కానర్ చూపే కోడ్‌లలో పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో వేరే కోడ్ ఉందని కబురు మాత్రమే. దాన్ని చూపించి పెట్టె మార్చమంటే ఒప్పుకోకూడదు. పీ0715 ఇన్‌పుట్ వేగపు సెన్సర్‌ది, పీ0720 అవుట్‌పుట్ సెన్సర్‌ది. వైరు, సాకెట్ చూస్తే తీరిపోయేవి వీటిలో ఉంటాయి. పీ0730 గేరు నిష్పత్తి తప్పిందని చెప్తుంది, పీ0741 లాకప్ పట్టడం లేదని చెప్తుంది.

షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు

"గేర్‌బాక్స్ సౌండ్ వస్తోంది" అని చెప్తే మెకానిక్ తన అనుభవం కొద్దీ ఊహిస్తాడు. "న్యూట్రల్‌లో వస్తోంది, క్లచ్ తొక్కితే ఆగుతోంది, వేడెక్కాక పెరుగుతోంది, ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది" అని చెప్తే ఊహించవలసినది కొంచెమే మిగులుతుంది. శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, ఏ వేగంలో, ఏ గేరులో అన్నది పక్కన రాసిపెట్టుకోవడం మేలు, ఎందుకంటే షెడ్డుకు వెళ్లాక మోత రాకపోవడం అందరికీ ఎదురయ్యేదే. దించవలసి వస్తే క్లచ్ ప్లేటు మందం, వెనుక క్రాంక్ సీలు, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు అదే కూలీలో చూడమని ముందే చెప్పాలి, తీసిన పాత భాగాలను అడిగి తీసుకోవాలి.

గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ ధారగా కారుతున్నా, గేరులో ఉండగా లోహం నలుగుతున్న శబ్దం వచ్చినా, చక్రం అదుపు లేకుండా ఊగుతున్నా, ఆటోమేటిక్‌లో కాలిన వాసనతో జారడం మొదలైనా కారును ఇంకా నడిపించకూడదు. లాగించవలసి వచ్చినప్పుడు ఆటోమేటిక్ కారును తాడు కట్టి ఈడ్పించవద్దు. ఇంజిన్ ఆగితే చాలా పెట్టెల్లో లోపలి పంపు తిరగదు, చక్రాలు తిప్పే భాగాలకు ఆయిల్ అందదు. నాలుగు చక్రాలూ పైకెత్తుకునే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవాలి, ఇన్సూరెన్సులో రోడ్డు సహాయం ఉందేమో ఆ ఫోను చేయకముందే చూసుకోవాలి.